కుళాయి చప్పుడు

ఫిబ్రవరి 9, ఆదివారం

నిన్న థియా గెలిచింది. ఈ ఏడాది యూరప్ పాటల పోటీకి మాల్టా తరఫున వెళ్ళేది నా శిష్యురాలు. పదమూడేళ్ళప్పటి నుంచి వారానికి రెండు సాయంత్రాలు నా వంటింట్లో నిలబడి పాఠం నేర్చుకున్న పిల్ల.

పొద్దున్న ఎనిమిదింటి నుంచి ఎర్ర క్లబ్బు వాళ్ళు టపాసుల బాంబులు పేలుస్తూనే ఉన్నారు. థియా వాళ్ళ అమ్మ మార్చెల్లా ఆ క్లబ్బు కార్యదర్శి. మా ఊళ్ళో పండగకి పోటీపడే బ్యాండు క్లబ్బులు రెండు, చౌకుకి అవతల వాళ్ళది, ఇవతల మా నీలి క్లబ్బు, మధ్యలో చర్చి. నేను పుట్టింది నీలి ఇంట్లో, పెళ్ళాడింది నీలి బ్యాండులో బాకా ఊదేవాణ్ణి. ఈ యాభై ఒక్క ఏళ్ళలో ఎర్ర క్లబ్బు గుమ్మం తొక్కలేదు. తొక్కాల్సిన పని కూడా పడలేదు.

"పండగకి దాచుకున్న మందుగుండంతా ఇప్పుడే తగలేసుకుంటున్నారు. జూన్‌లో అగ్గిపుల్లలు గీసుకుంటారు కాబోలు," అన్నాడు మా ఆయన విస్టిన్, రొట్టె మీద టమాటా రుద్దుకుంటూ.

మా క్లబ్బులో ఎనభై మంది కూడబలుక్కుని ఇంకో అమ్మాయికి ఓట్లేశారని నాకు తెలుసు. ఆ ఎనభైలో విస్టిన్ ఒకడు. నీ పెళ్ళాం నేర్పిన పాటే కదయ్యా అంటే, "అది వేరు, ఇది వేరు," అన్నాడు.

పాట కట్టింది కీత్. కానీ పాట చివర వచ్చే ఆ కేక నాది. మా అమ్మమ్మ బట్టల రేవులో అవతలి గట్టు ఆడవాళ్ళకి వినపడేలా పెట్టిన కేక అది. పదకొండు సెకన్లు, మగవాడి గొంతు చేరలేని ఎత్తున. కీత్‌కి నేనే పాడి వినిపించాను. ఇప్పుడు అందరూ పాట సంగతి వదిలేసి ఆ కేక గురించే మాట్లాడుతున్నారు. నిన్న థియా దాన్ని సగంలో కిందికి దించేసింది. చప్పట్లలో ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను.

ఫిబ్రవరి 12

కీత్ వచ్చాడు. వేదిక మీదికి ఆరుగురినే రానిస్తారట. థియా, ఐదుగురు నాట్యగాళ్ళు. వెనక పాడే గొంతులన్నీ ఇప్పుడు టేపులో వెళ్ళొచ్చట.

"నీ గొంతు వెళ్తుంది జోసెట్, నువ్వే వెళ్ళవు," అన్నాడు. నవ్వించాలనుకున్నాడు.

బాధేమీ లేదు. ఒక సూట్‌కేసు సర్దే పని తప్పింది. స్కూల్లో సెలవు అడుక్కునే పని తప్పింది. వెనక పాడటానికి నాలుగుసార్లు వెళ్ళాను, నాలుగు దేశాలు చూశాను. టీవీలో నాలుగుసార్లు కనిపించాను, ప్రతిసారీ ఎడమ భుజం వరకే.

ఫిబ్రవరి 13

మా చర్చికి రెండు గడియారాలు. ఒకటి నడుస్తుంది. రెండోది గోడ మీద వేసిన బొమ్మ, ఎప్పుడూ ఆరుకి పది తక్కువ. సైతాను వేళ తెలుసుకోలేక తికమకపడాలని పెద్దవాళ్ళు వేయించారు. నేను అబద్ధం చెబితే అమ్మమ్మ "ఇది బొమ్మ గడియారం" అనేది.

నిన్న రాసింది బొమ్మ గడియారం. బాధగానే ఉంది.

ఫిబ్రవరి 20

పాఠం. మార్చెల్లా ఎప్పటిలాగే కూతుర్ని వీధి మొదట్లో దింపి వెళ్ళిపోయింది. మేమిద్దరం సిస్టర్ల బళ్ళో ఒకే బెంచీ. అది రెండు బ్యాండ్లూ రాళ్ళు రువ్వుకోక ముందు సంగతి.

కేక దగ్గరికి రాగానే థియా భుజాలు చెవుల దాకా వస్తాయి, గొంతు మూసుకుపోతుంది.

"మిస్, నాకది రాదేమో."

"ఊపిరి కింద నుంచి తీసుకో."

"కిందే ఉంది మిస్. పైకే రానంటోంది."

ఇరవై ఏళ్ళ పిల్లకి అంత ఎత్తు కష్టమే. ఆ వయసులో నాకు వచ్చేది. అందరికీ ఒకలా ఉండదు కదా. ఇరవై రెండేళ్ళప్పుడు ఇదే పోటీకి పంపే ఎంపికలో నేను రెండో స్థానంలో ఉన్నాను. రెండు పాయింట్ల తేడా. ఎవరికీ గుర్తు లేదు. నేనే ఇక్కడ మూడేళ్ళకోసారి రాసుకుంటూ ఉంటాను.

మార్చి 4

స్టూడియో. వెనక గొంతులన్నీ నావే. ఒకదాని మీద ఒకటి ఆరు వరసలు పాడాను. అంతా అయ్యాక కీత్ గాజుకి అవతల నుంచి బొత్తాం నొక్కి, "ఇంకొక్కటి. ఆ కేక కూడా పాడు," అన్నాడు.

"అది థియా పాడాల్సింది కదా."

"పాడుతుంది. ఒకవేళ రాకపోతే అడుగున నీది ఉంటుంది. అంతే."

"పోటీ నియమాలు ఒప్పుకోవు కీత్. ముందు పాడే గొంతు ఆ పూటే పాడాలి."

"ఇది వెనక గొంతేగా? వెనక పాడేదానివి నువ్వు, నువ్వు పాడితే అది వెనక గొంతే."

ఒకే ఊపున వచ్చింది. రెండోసారి అడగలేదు. గాజుకి అవతల కీత్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎవరైనా నా గొంతు విని కళ్ళజోడు తుడుచుకుని ఎన్నేళ్ళయిందో.

టేపులో ఉన్నవన్నీ వెనక గొంతులేనని రాసి ఉన్న కాగితం ఇచ్చాడు. ఇంటికి తెచ్చుకున్నాను.

మార్చి 6

సంతకం చేశాను. పిల్ల కోసం.

మార్చి 11

పాఠం. టీ తాగాక థియా గ్లాసులు కడుగుతానంది. నేను వరండాలో ఆరేసిన బట్టలు తీస్తున్నాను. లోపల ఏదో పాడుకుంటోంది. కుళాయి చప్పుడులో సరిగా వినపడలేదు.

మార్చి 12

కీత్ ఫోను. "కేక వస్తోందా?"

"ఇంకా లేదు," అన్నాను.

"అయితే టేపు అలాగే పంపేస్తున్నాను. ఎవరైనా అడ్డు చెబితే వాడుకుందామని కేక లేనిది ఇంకొకటి కూడా ఇచ్చి ఉంచుతాను. ఎవరూ చెప్పరులే."

మార్చి 30

కుళాయి ధారగా వదిలితే ఈ ఇంట్లో ఏమీ వినపడదు. పాత గొట్టాలు. విస్టిన్‌కి ఎన్నిసార్లు చెప్పాను, మార్పించమని.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

ఊరేగింపు. ఏడాదికి ఈ ఒక్క రోజే రెండు బ్యాండ్లూ ఒకే వీధిలో నడుస్తాయి. ముందు వాళ్ళు, వెనక మేము, మధ్య యాభై అడుగుల ఖాళీ. చావు పాటలు కూడా పోటీపడి వాయిస్తారు.

ఇంటికి వచ్చేసరికి విస్టిన్ వంటింట్లో నా ఫోను చెవికి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కీత్ పంపిన టేపు వింటున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ గొంతుతో తిట్లు తింటున్నవాడు, గుర్తుపట్టకుండా ఉంటాడా?

"ఇది నువ్వేనే!"

"వెనక గొంతులు అన్నీ నేనే."

"అవి కాదు. ఇది. ఈ కేక. ఎర్ర క్లబ్బు పిల్ల నోరు తెరుస్తుంది, అందులోంచి మన నీలి గొంతు వస్తుంది! మడోన్నా, మరియ తల్లీ, దీన్ని మించిన పండగ ఇంకోటి ఉంటుందా?"

"పవిత్రమైన రోజు, ప్రమాణం చెయ్యి, ఎవరితోనూ అనవని."

చేశాడు. శిలువ గుర్తు కూడా వేసుకున్నాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. అడక్కుండా శిలువ వేసుకునే మనిషి కాదు.

ఏప్రిల్ 27

థియా రేపు బయల్దేరుతుంది. ఈస్టర్‌కి చేసిన బాదం బిళ్ళ ఒకటి మిగిలింటే ఇచ్చాను, చేప ఆకారంది. తల కొరికేసి, తోక నాకిచ్చింది.

"మిస్, నిజం చెప్పండి. నేనా కేక అందుకుంటానా?"

"టేపు ఉంది కదా అమ్మా. భయం దేనికి?"

వేళ్ళకంటిన పొడి దులుపుకుంది. తర్వాత, "అయితే నోరు తెరిస్తే చాలు కదా," అంది. దబాయింపు లేదు, ఏడుపూ లేదు. అడిగిందంతే.

నేను తోక తిన్నాను. బాదం కొంచెం చేదెక్కింది.

మే 6

అక్కడి రిహార్సల్ ముక్క ఒకటి బయటికి వచ్చింది. థియా తెల్ల గౌను, వెనక నీళ్ళ దృశ్యం, ఐదుగురు నాట్యగాళ్ళు తడి బట్టలు పిండినట్టు చేతులు తిప్పుతున్నారు. ఆఖర్న కేక.

కింద జనం రాసినవన్నీ చదివాను. పోర్చుగల్ ఆవిడెవరో ఆ కేక వినగానే వాళ్ళమ్మ గుర్తొచ్చిందని రాసింది. పంతొమ్మిదిసార్లు విన్నాను. కేక థియాది కాదని వాళ్ళకి తెలియదు, నాదని అసలే తెలియదు. అయినా పోర్చుగల్ ఆవిడకి గుర్తొచ్చింది నా గొంతు వల్లే. ఇవాళంతా అన్నం సహించలేదు, సంతోషంతో.

మే 9

పొద్దున్న స్కూలు ఆఫీసులో ఉండగా థియా ఫోను చేసింది.

"మిస్, పనిలో ఉన్నారా?"

"హాజరు పట్టీలు. చెప్పు."

"నిన్న రిహార్సల్లో నేను కేక దగ్గర పాడలేదు. ఊరికే నోరు తెరిచి ఊరుకున్నాను. ఎవరైనా కనిపెడతారేమో చూద్దామని."

"ఊ."

"ఎవరూ కనిపెట్టలేదు మిస్. దిగి వస్తుంటే కీత్ భుజం తట్టి, ఇవాళ అదరగొట్టావు అన్నాడు."

నేనేం అన్నానో గుర్తు లేదు. బాగా నిద్రపో అనో, నీళ్ళు తాగు అనో. ఆ పిల్ల థ్యాంక్స్ చెప్పి పెట్టేసింది. థ్యాంక్స్ చెప్పింది నాకు.

నాలుగుసార్లు నేను అలాగే దిగి వచ్చాను. ముందు నిలబడ్డ వాళ్ళ భుజం తట్టేవాళ్ళు, నేను పక్కనించి వెళ్ళి కోటు తగిలించుకునేదాన్ని. ఆ పిల్ల ముందు నిలబడి కూడా అలాగే దిగి వచ్చింది.

సరే, రాస్తాను. ఎవరు చదువుతారు కనక.

మార్చి పదకొండున నేను విన్నాను. మొదటి నుంచీ చివరి దాకా విన్నాను. గ్లాసుల మీద చూపు పెట్టి, నేను లేననుకుని, భుజాలు వదిలేసి, ఆ కేక పెట్టింది. పదకొండు సెకన్ల కంటే ఎక్కువే. నాకన్నా బాగుంది. అడుగున కొంచెం బొంగురు ఉంది, అమ్మమ్మకి ఉన్నట్టు. నాకది ఎప్పుడూ లేదు. తీసిన దుప్పటి మళ్ళీ తీగ మీద వేసి, మళ్ళీ తీశాను, లోపలికి వెళ్ళకుండా ఉండటానికి. వెళ్తే మొహంలో తెలిసిపోతుంది. తెలిస్తే కీత్‌కి చెప్పాలి. చెబితే టేపులోంచి నన్ను తీసేస్తారు.

పిల్ల కోసం సంతకం చేశానని రాశాను ఇక్కడే. నా డైరీకి కూడా బొమ్మ గడియారం తగిలించాను.

మే 10

కీత్‌కి ఫోను చేశాను. కేక లేని టేపు వాడమన్నాను.

"పిచ్చెక్కిందా నీకు? మూడు రోజులుంది!"

"రెండూ ఇచ్చి ఉంచావు కదా. మార్చడం ఎంతసేపు?"

"అందరి ముందూ ఆ పిల్ల గొంతు జారితే ఎవడు మోస్తాడు, నువ్వా?"

"నేనే. లేదంటే నా సంతకం అబద్ధమని పోటీ వాళ్ళకి ఉత్తరం రాస్తాను. చేసింది నేనే, రాసేదీ నేనే. నీ పేరు ఎత్తను."

టేపు మారుస్తానన్నాడు. తర్వాత, ఇంత మొండిదానివని ముందే తెలిస్తే వేదిక మీదికి నిన్నే పంపేవాణ్ణి అన్నాడు. ఒకప్పుడైతే ఆ మాట నెల రోజులు నెమరేసుకునేదాన్ని.

తర్వాత థియాకి.

"హోటల్ గదిలో ఉన్నావా? స్నానాల గదిలోకి వెళ్ళు. కుళాయి తిప్పు. గ్లాసు ఏదైనా ఉంటే కడుగు."

"ఏంటి మిస్?"

"కడుగు. కడుగుతూ కేక పెట్టు. పాడకు, పెట్టు. అవతలి గట్టున మీ అమ్మ ఉంది, నిన్ను చూడట్లేదు, పిలవాలి."

పెట్టింది. నా ఫోను చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది. పక్క గదివాళ్ళు గోడ కొట్టారట. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు ఆగాక చెప్పాను.

"మార్చి పదకొండున నువ్విలాగే పెట్టావు, మా వంటింట్లో. నేను విన్నాను."

"మరి చెప్పలేదేం మిస్?"

"చెప్పబుద్ధి కాలేదు."

ఏదైనా అంటుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. "సరే మిస్," అంది. "ఇంకోసారి పెట్టనా?"

నాలుగుసార్లు పెట్టింది.

మే 13, మంగళవారం

ఇవాళ సెమీఫైనల్. రెండు క్లబ్బుల్లోనూ పెద్ద తెరలు. చౌకు నిండా కుర్చీలు వేసుకోవచ్చు కానీ ఎవరి తెర వాళ్ళదే. నేను విస్టిన్ పక్కన కూర్చున్నాను. మా క్లబ్బు టీ కాచే ముసలాయన జెప్పి నాకు అడక్కుండానే టీ గ్లాసు తెచ్చి, డబ్బులు వద్దన్నాడు. ఎప్పుడూ వద్దనని మనిషి.

తొమ్మిదో పాట మనది. థియా రెండో చరణం తొందరగా మొదలుపెట్టింది. వెనక నా ఆరు గొంతులూ వచ్చాయి, మెత్తగా, అడుగున, వాటి స్థానంలో అవి. తర్వాత అన్నీ ఆగిపోయాయి. కేక దగ్గర ఒక్క క్షణం ఏమీ రాలేదు. నా గోళ్ళు విస్టిన్ మోకాల్లో దిగాయట, ఇప్పుడు చూపిస్తున్నాడు.

ఆ పిల్ల భుజాలు కిందికి వదిలింది. రెండు చేతులూ ముందు ఏదో కడుగుతున్నట్టు కదిలాయి. పెట్టింది కేక.

ఆ బొంగురుతో సహా వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. కుళ్ళుతో వచ్చిందేమోనని నన్ను నేను తడుముకున్నాను. కాదు. అమ్మమ్మ గొంతు నా చేతులమీదుగా వెళ్ళింది, నాలో ఆగకుండా వెళ్ళింది. అంతే.

పాట ఆగీ ఆగకముందే మా క్లబ్బంతా నా మీద పడింది. వీపు మీద చరిచేవాళ్ళు, ముద్దు పెట్టేవాళ్ళు.

"శభాష్ జోసెట్! ఏం కేకమ్మా అది!" అన్నాడు జెప్పి. "ఎర్ర పిల్లకి గొంతు అప్పిచ్చింది మన నీలి ఆడబిడ్డ!"

విస్టిన్ వైపు చూశాను. టీ గ్లాసులోకి చూసుకుంటున్నాడు.

"ఎవరికి చెప్పావు?"

"జెప్పికి ఒక్కడికే."

జెప్పికి చెబితే చర్చి గంట కొట్టినట్టే.

"అది నా గొంతు కాదు," అన్నాను. ఎవరూ వినలేదు. కుర్చీ ఎక్కి అరిచాను. "అది నాది కాదు! నాది తీసేశారు. అది థియాదే!"

"చూశారా వినయం," అంది ఎవరో. నవ్వారు. యాభై ఒక్క ఏళ్ళ నుంచి నేను ఎదురుచూసిన చప్పట్లు అవి. నా సొంత ఊళ్ళో, నా పేరు పెట్టి. అవి వద్దంటుంటే ఇంకా గట్టిగా కొడుతున్నారు.

అప్పుడు గమనించాను, చౌకు అవతల ఎర్ర క్లబ్బులోంచి చప్పుడు లేదు. వాళ్ళ పిల్ల అంత బాగా పాడితే బాంబులు పేలాలి. ఒక్కటీ పేలలేదు. మావాళ్ళు గుమ్మంలో నిలబడి "గొంతు మాదే! గొంతు మాదే!" అని పాట కట్టి అరుస్తున్నారు. వాళ్ళ వరకూ చేరిపోయింది.

లేచి చౌకులోకి నడిచాను. విస్టిన్ వెనకాలే వచ్చి చర్చి మెట్ల దగ్గర ఆగిపోయాడు.

"ఎక్కడికే?"

"మార్చెల్లా దగ్గరికి."

"అటా? జోసెట్, అందరూ చూస్తున్నారే!"

"చూడనీ."

ఎర్ర క్లబ్బు గుమ్మానికి మూడు మెట్లు. మాకు రెండే. ఇన్నేళ్ళూ తెలియదు. లోపల వంద మంది, అందరూ తెరకి వీపు పెట్టి నన్ను చూశారు. మార్చెల్లా ముందు వరసలో ఒక్కత్తే కూర్చుని ఉంది, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని. మొహం పాలిపోయి ఉంది.

"గొంతు తీసుకెళ్ళడానికి వచ్చావా?" అన్నాడు తలుపు దగ్గరి కుర్రాడు.

పాఠం చెప్పేటప్పటి గొంతు తెచ్చుకున్నాను. "నా కేక టేపులో ఉండింది, నిజమే. మూడు రోజుల కిందట తీసేశారు. ఇందాక మీరు విన్నది థియా గొంతు. మొత్తం. దానికి మార్చిలోనే వచ్చింది ఆ కేక. నేను విని కూడా రాలేదని చెప్పాను. ఎందుకంటే నాకు కావలసి వచ్చింది."

తెర మీద ఏదో దేశం పాడుతోంది. నేను వెళ్ళిపోదామని తిరిగాను.

"కూర్చో," అంది మార్చెల్లా.

పక్క కుర్చీ మీది శాలువా తీసింది. కూర్చున్నాను. శాలువా మడిచి భుజాన వేసుకుంది. తర్వాత నాకు మాత్రమే వినపడేలా అంది.

"మా ఇంట్లో గిన్నెలు ఎవరు కడుగుతారనుకున్నావు? ఫిబ్రవరి నుంచి రోజూ వింటున్నాను. నేను చెబితే కాకి పిల్ల కాకికి ముద్దు అంటారని ఊరుకున్నాను. చెప్పాల్సింది నువ్వు. నీకెప్పుడు వినపడుతుందా అని చూస్తూ ఉన్నాను."

ఎవరో నా చేతిలో టీ గ్లాసు పెట్టారు. వాళ్ళు చక్కెర ఎక్కువ వేస్తారు.

ఫైనల్‌కి వెళ్ళే దేశాల పేర్లు చదివారు. మనది ఆరో పేరు. అప్పుడు పేలాయి బాంబులు. చర్చి కిటికీలు అదిరాయి. మార్చెల్లా నా మోచెయ్యి పట్టుకుని ఉంది, పట్టుకున్నానన్న సంగతి మర్చిపోయినట్టుంది.

మే 14

విస్టిన్ పొద్దున్న లేచి, బయటికి వెళ్ళి, వేడి వేడి పస్తిజ్జీ పఫ్ఫులు తెచ్చాడు. జున్నువి నాలుగు. మామూలుగా నాకు రెండే తెస్తాడు.

"క్లబ్బులో ఏమంటున్నారు?" అన్నాను.

"నీ సభ్యత్వం గురించి మీటింగు పెడతారట."

"నువ్వేం అన్నావు?"

"మీటింగులో చాలా సేపు బాకా వాయిస్తానన్నాను."

విస్టిన్ బాకా సాధనకి వెళ్ళాక పళ్ళెం కడగడానికి వంటింట్లోకి వెళ్ళాను. కుళాయి ధారగా తిప్పి, వరండాలోకి వెళ్ళి, బట్టలు ఆరేసే తీగ దగ్గర నిలబడి విన్నాను.

దాని చప్పుడు అంత ఏమీ లేదు.